కేబిన్‌లో కుంపటా... కాస్త ఆగండి!

బయట వణికించే చలి. లోపల అయిదారడుగుల చోటు. తలుపు బిగించి చిన్న మంట పెట్టుకుంటే హాయిగా నిద్ర పట్టేస్తుంది. ఒక్కోసారి... ఆ నిద్రలోంచి మెలకువే రాదు. మహాసముద్రాల మీద తిరిగే తెరచాప పడవకైనా, తాడిపత్రి నుంచి ఉత్తరాదికి వెళ్లే లారీకైనా ఈ ముప్పు ఒక్కటే. తప్పించుకునే దారీ ఒక్కటే!

తాడిపత్రిలో నిలబడి చలి గురించి మాట్లాడితే ఎవరైనా నవ్వుతారు. అనంతపురం జిల్లా అంటేనే ఎండ. పెన్నలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువగా కనిపించే ఊరది. సంక్రాంతి రోజుల్లోనూ ఓ మంచి దుప్పటి ఉంటే రాత్రి గడిచిపోతుంది. ఇక సముద్రమంటారా... ఎటు లెక్కేసినా రెండొందల కిలోమీటర్ల పైమాటే. అలాంటి ఊరికి పడవ కేబిన్లో చలి కాచుకోవడం గురించి ఎందుకు చెప్పాలి?

ఎందుకంటే ఈ ఊరికి లారీలున్నాయి. తాడిపత్రి బండలు, గ్రానైటు, సిమెంటు... వీటిని ఊళ్లు దాటించేది అవే. లోడెత్తిన లారీ గుత్తి చేరి 44వ నెంబరు జాతీయ రహదారి ఎక్కిందంటే ఇక ఆ రోడ్డుకి అంతుండదు. కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పుర్, ఆగ్రా మీదుగా ఢిల్లీకి, ఆపైన శ్రీనగర్ దాకా అదే దారి. బయల్దేరినప్పుడు బనీను మీదున్న మనిషికి నాలుగో రోజుకి పళ్లు టకటకలాడతాయి. జనవరిలో ఢిల్లీ చుట్టుపక్కల రాత్రి ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలకు పడిపోవడం మామూలే. దానికి తోడు పొగమంచు. ముందున్న బండి కనిపించదు. రోడ్డు పక్కన ఆపి తెల్లారేదాకా పడుకోవాల్సిందే.

ఓ డ్రైవరూ, ఓ క్లీనరూ అలా ఆగారనుకుందాం. ‘అన్నా, కాళ్లు కొయ్యలైపోతుండాయి. ధాబాలో నాలుగు నిప్పులు అడుక్కొస్తా’ అంటాడు కుర్రాడు. ఓ ఇనప బొచ్చెలో ఎర్రటి బొగ్గులు వస్తాయి. అద్దాలు పైకెక్కుతాయి. తలుపులు బిగుసుకుంటాయి. ‘పొగ రాకుండా ఉందిలే, ఏం కాదు’ అనుకుంటారు ఇద్దరూ.

సరిగ్గా అక్కడే మొదలవుతుంది అసలు కథ.

పడవలోనూ అంతే!

లారీ కేబిన్‌కి అచ్చమైన తోబుట్టువు తెరచాప పడవ కేబిన్. అక్కడా చోటు తక్కువే. వండుకోవడం, తినడం, పడుకోవడం అన్నీ అందులోనే. తేడా ఏంటంటే లారీ ఆపి దిగిపోవచ్చు. పడవలోంచి దిగడానికి నేలుండదు. గోడకి అవతల ఉండేది చల్లటి సముద్రం.

ఆ చలి ఎలా ఉంటుందో ఇద్దరు తెలుగమ్మాయిలకు బాగా తెలుసు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘ఐఎన్‌ఎస్‌వీ తరిణి’ అనే తెరచాప పడవ ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరింది. దాని పొడవు 55 అడుగులు. అందులో ఉన్నది భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు. సారథి వర్తికా జోషి. జట్టులో విశాఖపట్నం నుంచి పి.స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా మీదుగా దాదాపు 21,600 నాటికల్ మైళ్లు... అంటే సుమారు 40 వేల కిలోమీటర్లు తిరిగి, 254 రోజులకు 2018 మే 21న గోవా చేరారు.

ఆ దారిలో అందరూ భయపడే చోటు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్. తరిణి దాన్ని 2018 జనవరిలో దాటింది. దక్షిణార్ధగోళంలో జనవరి అంటే వేసవి. అయినా అక్కడి నీళ్లు పది డిగ్రీలు కూడా ఉండవు. అంటార్కిటికా మీంచి వచ్చే గాలి, మేడంత అలలు, ఒంటి మీద ఆరని తడి. తెరచాప పడవలో రాత్రీ పగలూ ఎవరో ఒకరు బయట కాపలా కాయాల్సిందే. వంతు ముగించుకుని లోపలికొచ్చిన మనిషికి అప్పుడు కావాల్సింది ఒక్కటే... వెచ్చదనం.

చల్లటి దేశాల్లో సొంత పడవల్లో నెలల తరబడి తిరిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు అనుభవం మీద నేర్చుకున్న మొదటి సూత్రం: ‘వంట పొయ్యితో గది వేడి చేయకు’. ఈ చిన్న మాట వెనక చాలా ప్రాణాలున్నాయి.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఇంగ్లండ్ తూర్పు తీరంలో విట్బీ అనే రేవు ఉంది. 2014 జనవరి 15న అక్కడ ‘ఎష్‌కాల్’ అనే చేపల పడవలో ఇద్దరు మత్స్యకారులు నిద్రలోనే చనిపోయారు. తుపాను లేదు, పడవ మునగలేదు. చలికి తట్టుకోలేక గ్యాస్ కుక్కర్‌కి ఉన్న గ్రిల్ వెలిగించి పడుకున్నారు. అదే ప్రాణం తీసింది. కార్బన్ మోనాక్సైడ్ వాయువును పసిగట్టే అలారం ఆ పడవలో లేదు.

అంతకు ముందు ఏడాది, 2013 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లోనే విండర్‌మియర్ సరస్సులో ‘అర్నిస్టన్’ అనే మోటారు పడవలో ఓ తల్లీ, పదేళ్ల కూతురూ ఇలాగే కన్నుమూశారు. కరెంటు కోసం పెట్టుకున్న జనరేటరు పొగగొట్టం ఊడిపోయి, ఆ వాయువు కేబిన్లోకి పాకింది.

ఇవన్నీ ఎక్కడివో అనుకోనక్కర్లేదు. 2020 జనవరి 21న నేపాల్లోని దామన్ అనే కొండ ఊళ్లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిదిమంది పర్యటకులు ఒకే గదిలో చనిపోయారు. వారిలో నలుగురు చిన్నపిల్లలు. చలికి గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని, తలుపులూ కిటికీలూ బిగించుకున్నారు. 2024 జనవరిలో ఢిల్లీలోని అలీపుర్ ప్రాంతంలో భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ కుంపటి పెట్టుకుని పడుకుని మళ్లీ లేవలేదు. అక్కడ దాన్ని అంగీఠీ అంటారు. పేరేదైనా పని ఒకటే. చలికాలం వచ్చిందంటే ఉత్తరాది పత్రికల్లో ఇలాంటి వార్తలు... ఇళ్లలో, వాచ్‌మన్ గదుల్లో, లారీ కేబిన్లలో... ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

కనిపించని దొంగ

ఏ మంటైనా మండాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి ధారాళంగా ఉంటే బొగ్గులోని, గ్యాసులోని కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ మంట సగం సగం మండుతుంది. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగైతే లేపుతుంది. ఇది జోకొడుతుంది.

మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. బస్సులో సీట్లలాంటిది అనుకోండి. కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ సీటంటే మహా ఇష్టం. ఆక్సిజన్‌తో పోలిస్తే రెండొందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఒకసారి కూర్చుంటే ఓ పట్టాన లేవదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకు మాత్రం ఆక్సిజన్ అందదు.

ముందుగా తలనొప్పి వస్తుంది. తరవాత తల తిరగడం, వికారం, నీరసం, మత్తు. పడవలో ఉంటే సముద్రం పడలేదనుకుంటారు. లారీలో ఉంటే ప్రయాణ బడలిక అనుకుంటారు. కాసేపు పడుకుంటే పోతుందిలే అనుకుంటారు. కాళ్లూ చేతులూ మాట వినడం మానేశాక అసలు విషయం తెలిసినా తలుపు దాకా వెళ్లే శక్తి ఉండదు.

అన్నిటికన్నా మోసం చేసేవి బొగ్గులే. రాజుకునేటప్పుడు పొగొస్తుంది కాబట్టి అందరూ బయటే పెడతారు. పొగ ఆగి ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు లోపలికి తెస్తారు. నిజానికి కార్బన్ మోనాక్సైడ్ బాగా వచ్చేది అప్పుడే. పైన బూడిద కప్పినా, ఆరిపోయినట్టు కనిపించినా లోపల నిప్పు ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుంది.

మంచులో చిక్కిన అడ్మిరల్

ఈ దొంగ చేతికి చిక్కి బయటపడిన గొప్పవాళ్లలో ఒకరు అమెరికా నౌకాదళ అధికారి రిచర్డ్ బర్డ్. 1929లో దక్షిణ ధ్రువం మీదుగా విమానంలో వెళ్లిన సాహసి ఆయన. 1934లో వాతావరణాన్ని గమనించడానికి అంటార్కిటికాలో మంచులో పాతిన ఓ చిన్న గదిలో చలికాలమంతా ఒంటరిగా ఉన్నాడు. స్టవ్ గొట్టం అతుకుల దగ్గర లీకులు. గాలి రావాల్సిన దారి మంచుతో పూడుకుపోయేది. పైగా రేడియో కోసం జనరేటరు. నెమ్మదిగా విషం ఎక్కింది. తిండి సహించలేదు, నిలబడే ఓపిక లేదు.

అప్పుడాయన ముందున్నవి రెండే దారులు. స్టవ్ వెలిగిస్తే విషం, ఆపితే గడ్డకట్టే చలి. రోజులో చాలా గంటలు స్టవ్ ఆపేసి, వణుకుతూ బతికాడు. రేడియోలో ఆయన పంపే సందేశాలు గజిబిజిగా ఉండటంతో ప్రధాన శిబిరంలోని వాళ్లకు అనుమానం వచ్చింది. 1934 ఆగస్టులో ముగ్గురు వెళ్లి కాపాడారు. చలిని కొంతసేపు ఓర్చుకోవచ్చు, ఈ విషంతో మాత్రం రాజీ కుదరదని తేల్చిన అనుభవమది.

దాని ఊపిరి దానిది... మన ఊపిరి మనది

మరి చల్లటి సముద్రాల్లో తిరిగేవాళ్లు వెచ్చగా ఎలా ఉంటున్నారు? కిటుకు ఒక్కటే. మంట పీల్చే గాలి వేరు, మనిషి పీల్చే గాలి వేరు అయ్యేలా చూడటం.

పాత తరహా పడవల్లో కట్టెలకో, బొగ్గుకో, డీజిల్‌కో పనిచేసే చిన్న ఇనప స్టవ్ ఉంటుంది. దానికి పైకప్పు దాటి బయటికెళ్లే గొట్టం తప్పనిసరి. గాలి రావడానికి కిందో దారి, పోవడానికి పైనో దారి ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. కొత్త పడవల్లో ఎక్కువగా డీజిల్ హీటర్లు వాడతారు. ఇది పని చేసే తీరు తెలివైంది. మూసి ఉన్న లోహపు గదిలో డీజిల్ మండుతుంది. దానికి కావాల్సిన గాలి ఒక గొట్టంలోంచి బయటి నుంచే వస్తుంది. మండిన వాయువు మరో గొట్టంలోంచి బయటికే పోతుంది. కేబిన్లోని గాలిని ఫ్యాను ఆ వేడి లోహం పైనుంచి పోనిచ్చి మళ్లీ కేబిన్లోకే వదులుతుంది. మంటకీ మనిషికీ మధ్య గోడ ఉంటుందన్నమాట. చిన్న హీటరైతే గంటకు పావు లీటరు డీజిల్ కూడా తాగదు. ఇంకో విశేషం... చలిదేశాల్లో పెద్ద లారీల కేబిన్లలో రాత్రిపూట వాడేవీ ఈ హీటర్లే!

గొట్టంలేని గ్యాస్ హీటర్లతో మరో చిక్కూ ఉంది. గ్యాసు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఒక కిలో గ్యాసుకు దాదాపు కిలోన్నర నీరు! అదంతా చల్లటి గోడలకు చెమటలా పట్టి, పక్కబట్టల్ని తడిపేస్తుంది. తడి బట్టల్లో చలి ఇంకా ఎక్కువ. అంటే వేడి కోసం వెలిగించిన మంటే చలి పెంచుతుంది. పైగా వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

గొట్టం ఉన్నా, హీటరు కొత్తదైనా అలారం ఉండాల్సిందే. బ్రిటన్‌లో కాలువల మీద, నదుల మీద తిరిగే పడవల్లో మనుషులు ఉండే గది ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలని 2019 ఏప్రిల్ 1 నుంచి నిబంధన తెచ్చారు. గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు ఆ వాయువు చేరితే మూడు నిమిషాల్లోపే మోగేలా ఈ అలారాలు తయారవుతాయి. పొగను గుర్తించే అలారం దీనికి పనికిరాదు. రెండూ వేరు.

గదిని కాదు... ఒంటిని కాచుకోండి

పాతకాపులైన పడవవాళ్లు చెప్పే రెండో సూత్రం ఇంకా తేలిక. గది మొత్తాన్ని వేడి చేయడం ఖర్చు, కష్టం, ప్రమాదం. ఒంట్లో పుట్టే వేడి బయటికి పోకుండా చూసుకోవడం చవక, సులువు.

మన శరీరమే ఓ పొయ్యి. ఒక మందపాటి కోటుకన్నా రెండుమూడు పొరలుగా వేసుకున్న పల్చటి బట్టలు నయం. పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది. చర్మానికి తగిలే పొర పొడిగా ఉండాలి. తడిసినా కొంత వెచ్చదనం నిలిపేది ఉన్ని. తడిసిన నూలు బట్ట వెంటనే చల్లబడిపోతుంది. పడుకునే ముందు చెమట పట్టిన బనీను మార్చుకుంటే సగం చలి పోతుంది. తలకి కుళ్లాయి, కాళ్లకి మేజోళ్లు ఉండాలి. అందరూ మర్చిపోయేది కింద పరుపు. పైన ఎన్ని రగ్గులు కప్పినా కింది నుంచి చల్లదనం లాగేస్తుంది. పక్క కింద మందంగా ఉండాలి. వేడినీళ్లు పోసి మూత బిగించిన రబ్బరు సంచిని గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు హాయి.

‘ఓ గుక్కేస్తే వేడెక్కుతుంది’ అనేవాళ్లూ ఉంటారు. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. చర్మం వేడెక్కినట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి బయటికి పోతుంది. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే అదే ఒక ప్రమాదం. పైగా ఆ మత్తులో తలనొప్పొచ్చినా తెలియదు, మెలకువా రాదు.

లారీ ఎక్కేవాళ్లకి...

* నిప్పుల బొచ్చె, గ్యాస్ స్టవ్, కిరోసిన్ స్టవ్... ఏదీ కేబిన్లోకి తేవద్దు. బయట చలి కాచుకుని, పూర్తిగా ఆర్పి, అక్కడే వదిలి ఎక్కాలి.

* ఇంజిన్ నడుస్తుండగా అద్దాలు బిగించి నిద్రపోవద్దు. సైలెన్సరు గొట్టానికి చిల్లు పడితే ఆ పొగ కేబిన్లోకే వస్తుంది. పక్కన ఆగిన బండి పొగ కూడా రావచ్చు. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023 డిసెంబరులో నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ గాలి చొరబడని కేబిన్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

* ఉత్తరాది లోడు ఒప్పుకునే ముందే సైలెన్సరు, దాని అతుకులు మెకానిక్‌తో చూపించుకోవాలి.

* ఎంత చలైనా ఎదురెదురు అద్దాలు రెండూ రెండు వేళ్ల సందు దించి ఉంచాలి. ఇది మనిషి ఊపిరి కోసం. సందు ఉంది కదా అని కుంపటి పెట్టుకోకూడదు.

* ఇంట్లోవాళ్లు సద్ది మూటతో పాటు రెండు రగ్గులు, ఓ స్వెట్టరు, కుళ్లాయి కూడా సర్ది పంపాలి. తాడిపత్రి ఎండలో అవి నవ్వు తెప్పించినా సరే!

ఇంట్లోనూ ఇదే లెక్క

లారీ, పడవ లేనివాళ్లకి ఇదంతా ఎందుకనుకోవద్దు. బాలింత గదిలో తలుపులు మూసి మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. పసిబిడ్డ వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి విషం పెద్దలకన్నా ముందు బిడ్డకే ఎక్కుతుంది. సాంబ్రాణి వేయాలనుకుంటే తలుపు, కిటికీ తెరిచి, కాసేపట్లో నిప్పులు బయటికి తీసేయాలి. కిటికీలేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు కూడా అంతే ప్రమాదం. దాన్ని బయట బిగించుకోవాలి.

మూసిన చోట మంట ఉండి, ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అనుమానించాలి. కారణం వెతకడం తరవాత, ముందు అందరూ బయటికి రావాలి. ఎవరైనా పడిపోయి ఉంటే తలుపులు బార్లా తెరిచి, వెంటనే బయటి గాలిలోకి లాగాలి. మన దగ్గరైతే 108కి, వేరే రాష్ట్రంలో ఉంటే 112కి ఫోన్ చేయాలి. మూసిన గదిలో మంట పెట్టుకున్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఎందుకంటే కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ మోసపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ కూర్చున్న సీటును కూడా ఆక్సిజన్‌దే అనుకుని 98 అనో 99 అనో చూపిస్తుంది. అసలు సంగతి రక్తపరీక్షలోనే బయటపడుతుంది. చికిత్స ఆక్సిజనే. మామూలు గాలిలో ఈ విషం సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, నూరు శాతం ఆక్సిజన్ పెడితే గంటన్నరలోపే తగ్గుతుంది.

ఇంతకీ మంటకి వేరే దారి ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేం కాదు. రాయలసీమ పాత మట్టిమిద్దెల్లో వంటింటి కప్పుకి ఓ కన్నం ఉండేది. గవాక్షి. ఊళ్లో గవాచి అనేవాళ్లు. వెలుతురు దిగడానికీ, పొయ్యి పొగ పైకి పోవడానికీ అదే దారి. కార్బన్ మోనాక్సైడ్ పేరు వినని అవ్వలు కూడా వాన పడితే తప్ప దాన్ని మూయనిచ్చేవాళ్లు కాదు. కేప్ హార్న్ వైపు వెళ్లే పడవలకు ఇంజినీర్లు పెట్టే పొగగొట్టం చేసే పనీ అదే.

లారీ కేబిన్‌కి గవాచి లేదు. కాబట్టి అందులో పొయ్యీ ఉండకూడదు. లోడు ఢిల్లీకైనా శ్రీనగర్‌కైనా వెళ్లొచ్చు. వెళ్లినవాళ్లు మళ్లీ గుత్తి రోడ్డు మీదుగా ఇంటికి రావడమే ముఖ్యం!